రేపల్లె మాస్టారి కాంటనీస్

నిన్న ఆఫీసులో అందరం కలిసి లంచ్‌కి బయటికి వెళ్లాం. టెస్టింగ్ టీమ్‌లో కొత్తగా చేరిన హాంకాంగ్ ఆవిడ కప్పులో నేను టీ పోశాను. ఆవిడ పక్కవాళ్లతో మాట ఆపకుండానే, నా వంక చూడకుండానే, టేబుల్ మీద రెండు వేళ్లతో టకటకా కొట్టింది. నాకు సాంబారు గుర్తొచ్చింది. ఆ వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ మరీ వేడిగా ఉందని చెప్పి తప్పించుకున్నాను.

సాంబారు సంగతి చెప్పాలంటే మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. మేం మార్కమ్‌లో ఈ టౌన్‌హౌస్ కొనుక్కుని దిగిన కొత్తలో, పక్కింట్లో తెలుగువాళ్లున్నారని తెలిసి భోజనానికి పిలిచాం. ఆయన రిటైరైన ప్రొఫెసరు, ఆయన భార్య, అంటే మా ఆంటీ, రిటైరైన డాక్టరు. పప్పూ కూరా అయ్యాయి. నేను సాంబారు పోశాను. ఆయన మా ఆయనతో ఏదో మాట్లాడుతూనే టేబుల్ మీద రెండు వేళ్లతో టకటకా కొట్టారు. ఇంకా కావాలేమోనని పోశాను. మళ్లీ కొట్టారు. మళ్లీ పోశాను. ఇదెక్కడి మనిషిరా బాబూ, నోరుందిగా, హోటల్లో సర్వర్ని పిలిచినట్టు ఈ కొట్టుడేమిటి అని నాకు లోపల మండుతోంది. పైకి నవ్వుతూ పోస్తున్నాను. అన్నం మునిగింది, అప్పడం తేలింది.

అప్పటిదాకా తన కంచంలోంచి తల ఎత్తని ఆంటీ అన్నారు. "ఆపమ్మా. ఆయన అడగట్లేదు. థాంక్స్ చెబుతున్నారు."

కాంటనీస్ వాళ్లకి అదో అలవాటట. ఎవరైనా టీ పోస్తే, చెప్పే మాట మధ్యలో తెగకుండా ఉండటానికి వేళ్లతో అలా బల్ల మీద కొట్టి కృతజ్ఞత చెబుతారట. ఎన్నో ఏళ్ల అలవాటు మీద ఈయనకి సాంబారుకీ అదే చెయ్యి కదిలింది.

"మరి వద్దనొచ్చు కదా మాస్టారూ!" అన్నాను.

"నువ్వు అంత ఆప్యాయంగా పోస్తుంటే థాంక్స్ చెప్పకుండా ఎలా ఉంటానమ్మాయ్?" అన్నారు. ఆ సాంబారంతా తిని, స్పూను అడిగి మరీ ఖాళీ చేశారు.

ఆ తర్వాత చుట్టుపక్కల తెలుగిళ్లలో ఎక్కడ భోజనం జరిగినా నాకు ఇదే ప్రదర్శన. కొత్తగా వడ్డించే ఆవిడ, రెండు వేళ్లు, గరిటె, రెండు వేళ్లు, గరిటె. పాయసంతో ఒకసారి ప్రమాదం దాకా వెళ్లింది. ఆయనకి షుగరు.

ఆయన ప్రొఫెసరని తెలుసుగానీ దేంట్లో ప్రొఫెసరో తెలియడానికి మాకు కొంతకాలం పట్టింది. తెలిశాక నమ్మడానికి ఇంకొంత కాలం పట్టింది. రేపల్లెలో పుట్టిన ఈ పెద్దమనిషి తన బతుకంతా కాంటనీస్ క్రియల వెనక వచ్చే చిన్న చిన్న ముక్కల మీద ధారపోశారు. మొత్తం భాష మీద కూడా కాదు, క్రియల తోకల మీద. వాటిలో 'మాయ్' అనే ఒక్క తోక మీద లావుపాటి పుస్తకం రాశారు. "పెళ్లిచూపుల్లో వ్యాకరణం అన్నారు. తెలుగు వ్యాకరణం అనుకున్నాను. ఏ వ్యాకరణమో అడగాలని నాకేం తెలుసు?" అనేవారు ఆంటీ.

"కాంటనీసే ఎందుకండీ?" అని ఆయన్ని అడగని తెలుగువాడు ఈ చుట్టుపక్కల లేడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. ఒకాయనకి "తెలుగులో పోటీ ఎక్కువండీ" అని చెప్పారు. ఇంకొకాయనకి "ఇంట్లో డాక్టరుగారు మాట్లాడనివ్వరు, ఎక్కడో ఒకచోట మాట్లాడాలిగా" అని చెప్పారు. రియల్ ఎస్టేట్ చేసే ఆయన అడిగితే "లొకేషన్" అన్నారు. ఆయన ఎంతో తృప్తిగా తల ఊపాడు.

కంటి ఆపరేషన్ తర్వాత మాస్టారు డ్రైవింగ్ మానేశారు. శనివారాలు మావాణ్ని మ్యాథ్స్ క్లాసులో దింపి, ఆ టైములో నేనే ఆయన్ని కాంటనీస్ హోటలుకి తీసుకెళ్లేదాన్ని. కారెక్కి సీటు బెల్టు పెట్టుకున్న దగ్గర్నుంచీ పాఠం మొదలు.

"చూడమ్మాయ్, 'సిక్' అంటే తినడం. వట్టి సిక్ అని ఊరుకుంటే బనీనుతో బజారుకొచ్చినట్టు ఉంటుంది. పైన ఏదో ఒకటి తొడగాలి. సిక్ జో అన్నావా, తినడం అయిపోయింది. సిక్ గన్, ఇంకా తింటున్నాడు. సిక్ గ్వో, ఎప్పుడో ఒకసారి తిన్నాడు, రుచి తెలుసు. సిక్ సాయ్, మెతుకు మిగల్చకుండా ఊడ్చేశాడు. ఇక సిక్ మాయ్. గిన్నె అడుగున మిగిలిన కూర నా కంచంలోకి గీకేస్తూ మీ ఆంటీ చెబుతుందే, ఆ కాస్తా కూడా తినెయ్యండి అని, అదీ మాయ్."

"మనకి లేవా మాస్టారూ ఇలాంటివి?"

"లేకపోవడమేమిటి? పొద్దున లేచింది మొదలు వాటితోనే బతుకుతున్నాం. రాయి అంటే ఒకటి, రాసుకో అంటే ఒకటి, రాసిపెట్టు అంటే ఒకటి, రాసిపారెయ్ అంటే ఇంకొకటి. క్రియ చెప్పేది పని. తోక చెప్పేది ఆ పని ఎవరి నెత్తిన పడిందో."

"అయ్యో మాస్టారూ, మీ మాటల్లో పడి మనం దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది!"

ఆయన సీట్లో ఎగిరినంత పని చేశారు. "చూశావా! దాటేశాను అనలేదు నువ్వు. దాటిపోయింది అన్నావు. దాటేశానంటే తప్పు నీది. దాటిపోయిందంటే తప్పు ఎగ్జిట్‌ది. చిన్న తోక మార్చి కేసు కొట్టేయించుకున్నావు!"

ముందుకెళ్లి తిరిగొచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆయనకి ఆ పూట అంతకంటే ఆనందం లేదు.

హోటల్లో మాత్రం ఆ ఆనందం నిలిచేది కాదు. వడ్డించే అమ్మాయి రాగానే ఈయన కాంటనీస్‌లో ఆర్డరు చెప్పేవారు. ఆ అమ్మాయి కళ్లింతలు చేసుకుని, ఇంగ్లీషులో, "అబ్బ! మీ కాంటనీస్ ఎంత బాగుందో!" అనేది. ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చేది. వాళ్లూ ఇంగ్లీషులోనే మెచ్చుకునేవారు. ఎక్కడ నేర్చుకున్నారు, భార్య చైనీసా అని అడిగేవారు. ఆయన ప్రతిదానికీ కాంటనీస్‌లోనే జవాబు చెప్పేవారు. వాళ్లు మళ్లీ ఇంగ్లీషులోనే మెచ్చుకునేవారు. చివరికి ఆయనే అలిసిపోయి, ఇంగ్లీషులో థాంక్యూ అని టీ కప్పులోకి చూస్తూ కూర్చునేవారు.

"పోనీలెండి మాస్టారూ, మంచిమాటే అన్నారుగా" అన్నాను ఓసారి.

"అదేనమ్మా బాధ. నువ్వు పొద్దస్తమానం తెలుగు మాట్లాడతావు. నీ తెలుగు బాగుందని ఎవరైనా అన్నారా?"

"మా అత్తగారిది కరీంనగర్. నా తెలుగుని వెక్కిరిస్తారు."

"అదీ! వెక్కిరించడం, కసరడం, మాటకి మాట అప్పజెప్పడం, ఇవి ఇంట్లోవాళ్లకి చేసే మర్యాదలు. మెచ్చుకున్నారంటే గుమ్మం అవతలే కుర్చీ వేశారన్నమాట." ఆయన టీపాట్ మూత తీసి పక్కకి పెట్టారు. అలా పెడితే నీళ్లు పొయ్యమని అర్థమట. "నాకింకేం అక్కర్లేదమ్మాయ్. పోయేలోపల ఒక్క కాంటనీస్ మనిషి, ఒకే ఒక్కడు, నా భాష సంగతి ఎత్తకుండా నేనన్న మాటకి జవాబు చెబితే చాలు. వాళ్ల భాషలో."

ఎవరికైనా కోరికలుంటాయి. కాశీకి పోవాలనుంటుంది, మనవడి పెళ్లి చూడాలనుంటుంది. ఈయనది ఇదీ. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి మానేశాను.

మావాడి దగ్గరా ఆయనకి అదే గతి. ఆయన వాణ్ని తెలుగులో ఎన్ని అడిగినా వాడు ఇంగ్లీషులోనే చెప్పేవాడు. "నేను ఏ భాషలో కదిపినా అందరికీ ఇంగ్లీషే వస్తోంది. ఇదేదో నా మొహంలోనే ఉంది డాక్టరుగారూ, పరీక్ష చేయించాలి" అనేవారు ఆంటీతో. ఆ మధ్య హోటల్లో ఎవరో ఆయన ఆర్డరు చెబుతుంటే ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టారు. తెగ తిరిగింది. మావాడు సంబరంగా పరిగెత్తుకెళ్లి చూపించాడు. కింద వందల కొద్దీ మెచ్చుకోళ్లు. మాస్టారు మొత్తం చూసి, ఫోను జాగ్రత్తగా వాడి చేతిలో పెట్టి, చాలా రోజులు హోటలు మాటెత్తలేదు.

ఆ చలికాలమే రీసైక్లింగ్ డబ్బా బయట పెట్టబోయి డ్రైవ్‌వే మీద జారారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఐసు మీద వెల్లకిలా ఉన్నారు. తుంటి విరిగింది. "కదలకండి మాస్టారూ, ఎలా పడ్డారు?" అంటే, పళ్లు బిగబట్టుకుని, "పడలేదమ్మాయ్. పడిపోయాను. తప్పు ఐసుది" అన్నారు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆపరేషన్ అయ్యాక, మళ్లీ నడక నేర్పే రీహాబ్ సెంటరుకి మార్చారు. ఇద్దరుండే గది, మధ్యలో తెర. నేను రసం ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేసరికి ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

"అమ్మాయ్, నన్ను తిట్టాడు!"

"ఎవరు? నర్సా?" నేను ఫ్లాస్కు కింద పెట్టేసి కంప్లయింట్‌కి సిద్ధమయ్యాను.

"ఉష్! తెర అవతల ఆయన. హాంకాంగ్ మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు. పొద్దున నన్ను స్ట్రెచర్ మీద తెచ్చేసరికి తెర వేసి ఉంది. హీటరు ఎవరు పెంచారని తనలో తనే గొణుగుతున్నాడు. నాకు చలేస్తోంది, ఉండనివ్వండి అన్నాను కాంటనీస్‌లో. అంతే! నీ ఒక్కడికేనా చలి, ముసలాడికి బుద్ధి ఉండక్కర్లేదా అని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా తిట్టుకున్నాం. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. ఒక్క మెచ్చుకోలు లేదు."

"తర్వాత?"

"తర్వాత ఫిజియో అమ్మాయి వచ్చి తెర లాగింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం." ఆయన గొంతు తగ్గించారు. "నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు కళ్లింతలు చేసుకుంటాడు, అబ్బ ఎంత బాగుందో అంటాడు, అయిపోతుంది అనుకున్నాను. నన్ను కిందా మీదా చూశాడు. నీ దుప్పటి నేల మీద పడింది చూసుకో, అన్నాడు."

"అంతేనా?"

"అంతే!"

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను రసం పోశాను. వేళ్లు టకటకలాడాయి. ఈసారి నేను ఆపాను.

ఆ వారాలు ఆయన జీవితంలోకెల్లా మంచి వారాలని నా నమ్మకం. ఇద్దరూ హీటరు మీద పోట్లాడుకునేవారు. టీవీ మీద, కిటికీ తెర మీద, గంజి పల్చనా చిక్కనా అనే దాని మీద పోట్లాడుకునేవారు. అవతలాయన హాంకాంగ్‌లో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, గొంతు పెద్దది. నర్సులు గదులు మార్చాలా అని ఆంటీని అడిగితే, "మార్చారంటే నేను ఒప్పుకోను. బీపీ చూడండి, పెళ్లయ్యాక ఇంత బాగా ఎప్పుడూ లేదు" అన్నారు. ఒకరోజు నేను తెచ్చిన సాంబారన్నం మాస్టారు సగం వదిలేశారు. అవతలి మంచం మీంచి కేక వినపడింది. "సిక్ మాయ్!" నాక్కూడా అర్థమైంది. మాస్టారు చిన్నపిల్లాడిలా బాక్సు మళ్లీ దగ్గరికి లాక్కుని తినేశారు. ఆంటీ నా వంక చూసి, "నేను చెబితే ఎన్నడైనా విన్నారా?" అన్నారు.

ఒక్క విషయం మాత్రం మాస్టార్ని పీకుతూ ఉండేది. తన మొహం చూసి కూడా ఆయనెందుకు ఏమీ అనలేదు? మర్యాదకి ఊరుకున్నాడా, పట్టించుకోలేదా, లోపల ఏమనుకుంటున్నాడు?

"అడిగెయ్యండి మాస్టారూ."

"అడిగితే పాడైపోతుంది. నువ్వూ చెప్పకు, డాక్టరుగారూ మీరూ చెప్పకండి. నేను ఆ భాష మీద ప్రొఫెసర్నని తెలిస్తే మెచ్చుకోవడం మొదలుపెడతాడు. చచ్చినా చెప్పకూడదు."

ఇంటికి పంపాల్సిన వారంలో నిమోనియా వచ్చింది. మళ్లీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ మాస్కు పెట్టాక మాట లేదు. ఆంటీ కాస్త మాస్కు జరిపి తడి స్పాంజితో పెదవులు తడిపితే, దుప్పటి మీద రెండు వేళ్లు కదిలాయి. ఆంటీ మళ్లీ తడిపారు. మళ్లీ కదిలాయి. "చాలు, తెలిసింది" అన్నారు ఆంటీ, డాక్టరు గొంతుతో. మర్నాడు ఆయన పోయారు. నేను పార్కింగ్‌లో కార్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

కార్యక్రమాలు మార్కమ్ పద్ధతిలో జరిగాయి, అంటే పురోహితుడికి ఖాళీ ఉన్న శనివారం నాడు. భోజనాలు వాళ్లింట్లోనే. ఆ రోజు సాంబారు పెట్టకూడదని ఎవరో పెద్దావిడ అంటే, "ఆయనకి పెట్టకుండా ఎలా?" అని ఆంటీ పెట్టించారు. అందరూ కూర్చునే వేళకి బెల్లు మోగింది. గుమ్మంలో వాకర్ పట్టుకుని బస్సు డ్రైవరు పెద్దాయన, పక్కన ఆయన కూతురు, చేతిలో కమలాపళ్ల సంచి. ఆంటీయే ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పారట.

పెద్దాయన మాస్టారి ఫొటో ముందు నిలబడి వంగి దణ్ణం పెట్టారు. తర్వాత ఫొటోతో ఏదో గట్టిగా అన్నారు. కూతురు మొహమాటపడుతూ ఇంగ్లీషులో చెప్పింది. "ఏమీ లేదు ఆంటీ. చెప్పకుండా వెళ్లిపోయాడని కోప్పడుతున్నారు. ఇప్పుడు ఆ మంచం మీద ఉన్నవాడు ఉలకడు పలకడట."

ఆంటీ ఆయన్ని కూర్చోబెట్టారు. "మా ఆయన ఏం పనిచేసేవారో మీ నాన్నగారికి తెలుసా?" అని అడిగారు. చచ్చినా చెప్పకూడదన్న మాస్టారి మాట నాకు గుర్తొచ్చింది. కూతురు అడిగింది, పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"టీచరు" అన్నారు ఆంటీ. అంతకు మించి ఒక్క అక్షరం చెప్పలేదు.

పెద్దాయన ఏదో అన్నారు. "అందుకే అంత వాగుడు, అంటున్నారు" అంది కూతురు. "క్షమించండి."

"మరి ఆయన కాంటనీస్‌లో మాట్లాడుతుంటే మీ నాన్నగారికి వింతగా అనిపించలేదా?"

కూతురు అడిగింది. పెద్దాయనకి ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. ఆయన మా అందరి వంకా, మేమేదో తిక్క ప్రశ్న వేసినట్టు చూశారు. చెయ్యి విదిలించి పొట్టిగా ఏదో చెప్పారు.

"వింత ఎందుకు, హాంకాంగ్‌లో తరాలుగా ఉన్న ఇండియన్లు ఎంతమంది లేరు, వీడూ వాళ్లలో ఒకడు, అంటున్నారు. ఏ ఊరని అడిగితే ఏదో పేరు చెప్పాడట. నాన్న ఎప్పుడూ వినలేదట. హాంకాంగ్‌లో తను చూడని పల్లెలు చాలా ఉన్నాయి, అందులో ఒకటై ఉంటుంది అనుకున్నారట." ఆ అమ్మాయి ఆంటీ వైపు తిరిగింది. "ఏ ఊరు ఆంటీ ఆయనది? హాంకాంగ్‌లో?"

ఆంటీ కన్నార్పలేదు.

"రేపల్లె" అన్నారు.

"ఆఁ" అన్నారు పెద్దాయన, అదే అదే అన్నట్టు తలాడిస్తూ. "రే-పా-లే."

ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్లారు. నేను వెనకాలే వెళ్లాను. సింకు పట్టుకుని నిలబడి నవ్వుతున్నారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి వెళ్లిపోయారు. ఆయన పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు. "ఆయన వినాల్సింది ఈ మాట. ఒక్క నెల ఉంటే ఏం పోయేదే ఆయనకి?" అన్నారు. తర్వాత ఆవిడ మొహం కడుక్కుని, సాంబారు గిన్నె నా చేతికిచ్చి, "పద, అన్నం చల్లారుతోంది" అన్నారు.

మేం వచ్చేసరికి ఎదురింటావిడ పెద్దాయన ముందు నిలబడి ఉంది. ఈ మధ్యే సార్నియా అనే ఊరి నుంచి వచ్చిందావిడ, ఈ గొడవలేవీ తెలియవు. చాలా మర్యాదగా వంగి, ఇంగ్లీషులో, "మీకు ఇండియన్ ఫుడ్ అలవాటేనా? కారం తింటారా?" అని మొదలుపెట్టింది.

"అడక్కమ్మా" అన్నారు ఆంటీ. "వడ్డించు."

ఆవిడ కంగారుగా నా చేతిలోంచి గిన్నె తీసుకుని గరిటెడు సాంబారు పోసింది. పెద్దాయన కూతురితో మాట ఆపకుండానే టేబుల్ మీద రెండు వేళ్లతో టకటకా కొట్టారు. ఆవిడ మా వంక చూసింది. ఆంటీ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆవిడ ఇంకో గరిటె పోసింది.